తొమ్మిది వాట్లు

కొత్త తీగ మూరెడు కూడా లాగక్కర్లేదంది రెహానా.
నేను నమ్మలేదు.
నర్సాపురం లేసు గోడౌను మూడంతస్తులకీ
వైరింగు చేసిందే నేను,
తొంభై ఆరు తుఫాను వెళ్ళిన మరుసటి వేసవిలో,
టేకు బద్దీల మీద.
ఏ మలుపులో ఏ ముడి ఉందో
నా వేళ్ళకింకా గుర్తు.

అగ్గిపెట్టెంత డబ్బాలు తెచ్చింది.
ఒక్కో స్విచ్చుబోర్డు వెనకా ఒక్కోటి కూర్చోబెట్టింది.
"కరెంటు పారే తీగలోనే కబురూ పారుతుంది బాబాయ్."
"ఒకదాన్నొకటి తోసుకోవా?"
నవ్వి, అట్టముక్క మీద పెద్ద అల గీసింది.
దాని వీపు మీద
చీమల బారులా చిన్న చిన్న అలలు.

అప్పుడు కనబడ్డాడు తాత.
భుజాన మోకు వేసుకుని
కాలువ గట్టున వంగి పడవ లాగే తాత.
అవి చేలకి పోయే నీళ్ళే.
వాటి మీదే కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు,
పెళ్ళివారు, ఒకోసారి శవం.
పడవ వెళ్ళిందని ఏ చేనూ ఎండలేదు.
లాకు దగ్గర మాత్రం అందరూ ఆగాల్సిందే.
"మరి లాకు ఎక్కడమ్మా ఇందులో?"
మీటరు పక్కనున్న పెద్ద డబ్బా చూపించింది.
"ఇదిగో. మన కబురు వీధిలోకి పోకుండా."
ఆయ్, ఇక నాకు చెప్పక్కర్లేకపోయింది.

ఓనరు గారు రాజమండ్రిలో కాఫీ తాగుతూ
ఇక్కడ మూడో అంతస్తు ఫ్యాను ఆపారు.
వెనక తలుపు గడియ కదిలితే
అక్కడ ఆయన జేబు ఉలిక్కిపడుతుంది.
"అయితే నేనెందుకు?" అన్నాడు వాచ్‌మన్ తాతారావు.
ఎవరూ పలకలేదు.
ఆ రాత్రి కూడా గంటగంటకీ ఈల వేశాడు,
మామూలుకన్నా గట్టిగా.

నాలుగో రోజు రెహానా పిలిచింది.
అన్నీ ఆపేసినా అంకె సున్నాకి రాదు.
తొమ్మిది.
తొమ్మిది వాట్లు ఎటో పోతున్నాయి,
రాత్రి రెండింటికి మొదలై
తెల్లారేసరికి ఆగుతున్నాయి.
"ఇంత టైము పాటించే దొంగెవరు బాబాయ్?"

నాకు తెలుసు.
వెనక గోడకి ఆనుకుని నూకాలమ్మ పాక.
మడల్లోంచి వచ్చిన మండపీతల్ని
తొలి బండి వచ్చేలోగా కట్టాలి,
డెక్కా డెక్కా మడిచి, తాడు బిగించి.
కిరసనాయిలు బుడ్డి రోజుల్లో
చిటికెన వేలి సగం ఒక పీతకిచ్చేసింది.
ఆ కట్టు చూసిన సాయంత్రమే
కిటికీ కింద ఇటుక సందులోంచి
రెండు గజాల తీగ దాటించాను.
అప్పుడది నలభై బల్బు.
పెద్ద ఓనరు గారు బతికున్నన్నాళ్ళూ
బిల్లు చూసేవారు, గోడ చూసేవారు,
అడిగేవారు కాదు.

"పాత గోడమ్మా," అన్నాను, "ఉప్పుగాలి. చెమ్మ. ఎర్తు లీకు."
రెహానా నా మొహం చూసింది.
చెమ్మ రెండింటికి నిద్రలేచి
కోడి కూసాక పడుకోదని
ఆ చదువుకి తెలియదా?
ఏమీ అనకుండా టార్చి తీసుకుని వెనక్కి వెళ్ళింది.
వచ్చేటప్పటికి చెప్పులకి బురద,
చేతి సంచీలో
కాళ్ళు కట్టిన పీతలు రెండు.

ఫోనులో రాసింది:
పాత భవనం. సహజ నష్టం, తొమ్మిది వాట్లు.
రాసి, తాళాలు నాకిచ్చి,
పాలకొల్లు బస్సెక్కింది.

మొన్న రాజమండ్రి నుంచి ఫోను.
"ఆ తొమ్మిది ఈ నెల పన్నెండయిందేమిటయ్యా?"
నూకాలమ్మ రేడియో కొనుక్కుంది.
పీతలు కడుతూ పాత పాటలు వింటోంది.
గోడకి చెవి పెడితే నాకూ వినబడుతుంది.

"వానలు కదండీ," అన్నాను.
"చెమ్మ పెరిగింది."